"నాట్ యాజ్ గుడ్ యాజ్" వాక్యాలతో తిప్పలు: థీసిస్ ఇంగ్లీషులో నెగటివ్ పోలికలపై తరచుగా అడిగే ప్రశ్నలు

పీహెచ్‌డీ స్కాలర్ల థీసిస్‌లు, పేపర్లు భాష కోసం సరిచూడటం నా పని. వ్యవసాయం కావచ్చు, ఫార్మసీ, సివిల్, కంప్యూటర్ సైన్స్ కావచ్చు, ఏ సబ్జెక్టు ఫైల్ తెరిచినా ఒకచోట మాత్రం తప్పకుండా ఆగిపోతాను: రెండిటిని పోలుస్తూ, ఆ పోలికలో "నాట్" పెట్టిన వాక్యం దగ్గర. స్పెల్లింగ్ తప్పయితే నేనే దిద్దేస్తాను, ఆర్టికల్ తప్పయినా అంతే. ఇది మాత్రం రాసినవాళ్ళకి ఫోన్ చేసి "ఇంతకీ ఏది ఎక్కువ వచ్చింది?" అని అడిగితే తప్ప ముందుకు కదలదు. ఫోన్లో వాళ్ళు నన్ను అడిగేవి ఎప్పుడూ దాదాపు అవే ప్రశ్నలు, అందుకని అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. ఉదాహరణల్లో ఇంగ్లీషు వాక్యాలను కూడా తెలుగు లిపిలోనే ఇచ్చాను, పైకి చదివి చూడండి, ఎక్కడ తడబడుతుందో మీ చెవికే తెలుస్తుంది.

నెగటివ్ పోలిక అంటే ఏంటి? దానివల్ల వచ్చే ఇబ్బందేంటి?

"మెథడ్ ఎ ఈజ్ నాట్ యాజ్ ఫాస్ట్ యాజ్ మెథడ్ బి" లాంటిది. ఎ ఎలా ఉందో చెప్పకుండా, ఎలా లేదో చెబుతుంది. చిన్న వాక్యంలో అయితే ఏ ఇబ్బందీ లేదు. కానీ థీసిస్ వాక్యాలు చిన్నవిగా ఉండవు కదా, మూడు ట్రీట్‌మెంట్లు, రెండు సీజన్లు, ఒక కంట్రోల్ (పోలిక కోసం ఉంచుకున్నది), మధ్యలో ఒక "విచ్" క్లాజు, వీటన్నిటి మీదా ఒక్క "నాట్" ఎక్కి కూర్చుంటుంది. అది దేన్ని కాదంటోందో చదివేవాళ్ళు వెతుక్కోవాలి.

"కాదు" అన్న మాట అర్థం చేసుకోవడానికి మనిషికి కాస్త ఎక్కువ సమయం పడుతుందని ఎప్పుడో పరీక్షించి చూశారు. 1972లో హెర్బర్ట్ క్లార్క్, విలియం చేజ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక నక్షత్రం గుర్తు, ఒక ప్లస్ గుర్తు ఉన్న బొమ్మలు చూపించి, "నక్షత్రం ప్లస్ పైన ఉంది", "నక్షత్రం ప్లస్ పైన లేదు" లాంటి వాక్యాలు నిజమో కాదో చెప్పమన్నారు. "లేదు" ఉన్న వాక్యాలకు జవాబు ఆలస్యంగా వచ్చింది. రెండు గుర్తుల బొమ్మకే అలా ఉంటే, మీ నాలుగో చాప్టర్‌లో పన్నెండు వరుసల టేబుల్‌కి ఎలా ఉంటుందో ఆలోచించండి. పైగా మీ ఎగ్జామినర్ దాన్ని చదివేది ఏ ప్రయాణంలోనో, ఏ రాత్రి పదిగంటలకో.

తెలుగువాళ్ళం ఇలాంటివి ఎక్కువగా రాస్తామా?

ఎక్కువ తక్కువల లెక్క నా దగ్గర లేదు కానీ, ఎందుకు రాస్తామో మాత్రం బాగా తెలుసు. మన భాషలో పోలిక సహజంగా అలాగే వస్తుంది. "దీనికి దానంత బలం లేదు", "ఈ ఊరు ఆ ఊరంత పెద్దది కాదు" అంటాం. "అంత… లేదు", "అంత… కాదు" అనేవి మన నాలుక మీద ఎప్పుడూ ఆడుతుండే మాటలు, మర్యాదగా కూడా ఉంటాయి. ఫలానావాడు తెలివితక్కువవాడు అనం, "వాళ్ళన్నంత చురుకు కాదులెండి" అంటాం. అదే ఇంగ్లీషులోకి దింపితే "నాట్ దట్ మచ్", "నాట్ యాజ్ … యాజ్" వచ్చేస్తాయి. తప్పేమీ కాదు. కానీ మాటల్లో మనకి సాయం చేసే గొంతు, చెయ్యి, ఎదుటివాళ్ళ ముఖం కాగితం మీద ఉండవు.

ఇంకో సంగతి. కొన్ని తెలుగు వాక్యాలు వాటంతట అవే రెండర్థాలుగా ఉంటాయి, సందర్భం వల్ల మనం గమనించం అంతే. "అందరూ రాలేదు" అంటే కొందరే వచ్చారా, ఎవరూ రాలేదా? "అన్నలాగా తమ్ముడు అబద్ధాలాడడు" అంటే అన్న ఆడతాడా, ఆడడా? ఆ ఇంటివాళ్ళకి తెలుసు. మీ పేపర్ చదివే రివ్యూయర్ ఆ ఇంటివాడు కాదు.

"నాట్ యాజ్ … యాజ్" వాడకూడదా మరి?

వాడొచ్చు. "నాట్ సో … యాజ్" అని రాయాలి, "నాట్ యాజ్ … యాజ్" తప్పు అని పాత గ్రామర్ పుస్తకాలతో చదువుకున్న కొందరు గైడ్లు దిద్దుతుంటారు. ఇప్పుడు రెండూ సరైనవే, "యాజ్ … యాజ్" ఎక్కువ వాడుకలో ఉంది. దాని గురించి టెన్షన్ పడకండి.

నేను చూసేది ఒకటే: చదివేవాళ్ళు ఎ గురించి ఏదో ఆశించి ఉన్నారా? అందరూ ఎ వేగంగా ఉంటుందనుకుంటుంటే, మీ ప్రయోగంలో అలా రాకపోతే, అప్పుడు "నాట్ యాజ్ ఫాస్ట్ యాజ్ ఎక్స్‌పెక్టెడ్" అనేది పనికొచ్చే మాట. ఆ "నాట్" ఒక అపోహని తీస్తోంది. అలాంటి ఆశ ఏదీ లేకుండా ఉత్త ఫలితం చెబుతున్నప్పుడు "ఎ ఈజ్ స్లోవర్ దేన్ బి" అనేయండి. ఇంకా మంచిది, ఎంత అన్నది చెప్పండి: "ఎ టుక్ 40 సెకండ్స్, బి టుక్ 25." అంకెలు పక్కపక్కన పెడితే పోలిక దానంతటదే జరిగిపోతుంది, విశేషణాల అవసరమే ఉండదు.

"లైక్" పెట్టి నెగటివ్ వాక్యం రాస్తే మీరెందుకు ఎర్రగీత పెడతారు?

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల ఒకరి పేపర్ వెనక్కి రావడం నేను కళ్ళారా చూశాను. వరి మీద పనిచేసే ఒక స్కాలర్ తన అబ్‌స్ట్రాక్ట్‌లో ఇలా రాసుకుంది: "ద న్యూ లైన్ డస్ నాట్ లాడ్జ్ లైక్ ద ఓల్డ్ వెరైటీ." లాడ్జ్ అంటే పైరు గాలివానకి పడిపోవడం. తన ఉద్దేశం, పాత రకం పడిపోతుంది, కొత్తది పడిపోదు అని. మూడేళ్ళు పొలంలో నిలబడి సాధించింది అదే. రివ్యూయర్ దాన్ని ఇంకోలా చదివాడు: పాత రకం పడిపోదు, కొత్తది కూడా అలాగే పడిపోదు అని. పాతదే పడిపోనప్పుడు కొత్తదాంట్లో కొత్తేముంది అని రాసి పంపాడు. ఆ జవాబు నాకు చూపించినప్పుడు ఆ అమ్మాయి ముఖం ఇప్పటికీ గుర్తుంది. టేబుల్ సరిగ్గానే ఉంది, ఫోటోలు సరిగ్గానే ఉన్నాయి, కానీ అబ్‌స్ట్రాక్ట్‌లో ఒక్క "లైక్" మొత్తం పనిని తలకిందులు చేసింది.

మార్చడానికి మూడు దారులున్నాయి. రెండు విషయాలూ విడివిడిగా చెప్పేయడం: "ద ఓల్డ్ వెరైటీ లాడ్జెస్; ద న్యూ లైన్ డస్ నాట్." లేదా "అన్‌లైక్"ని వాక్యం మొదట్లో పెట్టడం: "అన్‌లైక్ ద ఓల్డ్ వెరైటీ, ద న్యూ లైన్ డస్ నాట్ లాడ్జ్." లేదా నెగటివ్ లేకుండానే: "ద న్యూ లైన్ రిమెయిన్స్ ఎరెక్ట్ అంటిల్ హార్వెస్ట్, వేరాజ్ ద ఓల్డ్ వెరైటీ లాడ్జెస్." నాకు మొదటిదే ఇష్టం, ఎందుకంటే తొందరలో చదివినా దాన్ని తప్పుగా అర్థం చేసుకోవడం కుదరదు. రెండూ పడిపోవు అని చెప్పాలనుకుంటే "నైదర్ ద ఓల్డ్ వెరైటీ నార్ ద న్యూ లైన్ లాడ్జెస్" అనండి.

"యాజ్" పెట్టినా ఇదే గొడవ. "ద మోడల్ డస్ నాట్ కన్వర్జ్ యాజ్ రిపోర్టెడ్ ఎర్లియర్" అంటే, కన్వర్జ్ అవదని (అంటే లెక్క ఒక స్థిరమైన జవాబుకి చేరదని) ముందే రిపోర్ట్ చేశారా, లేక అవుతుందని రిపోర్ట్ చేస్తే మీకు కాలేదా? ఒక్క కామాతో అర్థం మారిపోయే వాక్యాన్ని థీసిస్‌లో ఉంచకండి. "కాంట్రరీ టు ఎర్లియర్ రిపోర్ట్స్" అనో, "ఇన్ అగ్రిమెంట్ విత్ ఎర్లియర్ రిపోర్ట్స్" అనో ముందే చెప్పి మొదలుపెట్టండి.

"నో మోర్ దేన్", "నాట్ మోర్ దేన్" ఒకటేనా?

కాదు, కానీ చాలాచోట్ల దగ్గరగానే ఉంటాయి. అంకె ముందు "నాట్ మోర్ దేన్ 40" అంటే గరిష్ఠంగా 40, అదొక హద్దు. "నో మోర్ దేన్ 40" అంటే హద్దుతో పాటు "అంతేనా, ఇంత తక్కువా" అన్న భావం కూడా ఉంటుంది. అలాగే "నాట్ ఫ్యూవర్ దేన్ 40" అంటే కనీసం 40, "నో ఫ్యూవర్ దేన్ 40" అంటే "ఏకంగా 40" అని ఆశ్చర్యం. రిజల్ట్స్ చాప్టర్‌లో ఆశ్చర్యం అక్కర్లేదు కాబట్టి "అట్ మోస్ట్ 40", "అట్ లీస్ట్ 40" అని రాసుకుంటే ఏ గొడవా ఉండదు.

విశేషణం వచ్చినప్పుడు తేడా పెరుగుతుంది. "డ్రగ్ ఎ ఈజ్ నాట్ మోర్ ఎఫెక్టివ్ దేన్ డ్రగ్ బి" అంటే ఎ, బితో సమానం కావచ్చు, తక్కువైనా కావచ్చు, వాక్యం తేల్చదు. "నో మోర్ ఎఫెక్టివ్ దేన్" అంటే రెండూ ఒకే స్థాయి, ఆ స్థాయి కూడా గొప్పదేం కాదు అనే అర్థం వస్తుంది. "ఎ వేల్ ఈజ్ నో మోర్ ఎ ఫిష్ దేన్ ఎ హార్స్ ఈజ్" అనే వాక్యం చూడండి, గుర్రం ఎలా చేప కాదో తిమింగలం కూడా అలాగే చేప కాదని దాని అర్థం. జపాన్‌లో ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలకి ఇది ఎంత కష్టమంటే, అక్కడ ఈ నిర్మాణానికి తిమింగలం పేరే పెట్టేశారు. మీ ఉద్దేశం రెండు మందులూ సమానం అనా, ఒకటి తక్కువ అనా, లేక రెండూ పనిచేయలేదనా? ముందు అది తెలుగులో ఒక్క ముక్కలో మీకు మీరు చెప్పుకోండి, తర్వాత ఆ ముక్కనే ఇంగ్లీషులో రాయండి.

తేడా సిగ్నిఫికెంట్ కాలేదు. "రెండూ సేమ్" అని రాసేస్తే నెగటివ్ పోతుంది కదా?

దయచేసి అలా మాత్రం చేయకండి. వాక్యం అందంగా ఉండటం కోసం శాస్త్రాన్ని మార్చేసినట్టవుతుంది. "నో సిగ్నిఫికెంట్ డిఫరెన్స్" అంటే తేడా ఉందని మీ డేటా చూపించలేకపోయింది అని, తేడా లేదని నిరూపించింది అని కాదు. శాంపిల్ చిన్నదైతే పెద్ద తేడా కూడా దొరక్కుండా పోవచ్చు. 1995లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో డగ్లస్ ఆల్ట్‌మన్, మార్టిన్ బ్లాండ్ అనే గణాంక శాస్త్రవేత్తలు ఈ మాటే గట్టిగా చెప్పారు: ఆధారం దొరకకపోవడం వేరు, లేదనడానికి ఆధారం ఉండటం వేరు.

మార్చాలనుకుంటే ఇలా మార్చండి. రెండు మందులకి రక్తపోటు తగ్గడంలో తేడా 4 మిల్లీమీటర్లు, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు తేడా ఉండొచ్చని డేటా చూపించే పరిధి) మైనస్ 1 నుంచి 9 అనుకుందాం. "ద డ్రగ్స్ వర్ నాట్ డిఫరెంట్" అనకుండా, "మీన్ బ్లడ్ ప్రెషర్ ఫెల్ బై 4 ఎంఎం హెచ్‌జీ మోర్ విత్ ఎ దేన్ విత్ బి" అని రాసి, పక్కనే ఆ ఇంటర్వెల్ ఇవ్వండి. ఇప్పుడు వాక్యం పాజిటివ్‌గా ఉంది, నిజాయితీగానూ ఉంది, 9 దాకా తేడా ఉండే అవకాశం కొట్టేయలేదని తెలిసినవాళ్ళకి కనిపిస్తుంది.

"పి వాజ్ నాట్ లెస్ దేన్ 0.05" అని కూడా కొందరు రాస్తారు. అంత తిప్పడం ఎందుకు, వచ్చిన పి విలువ 0.11 అయితే 0.11 అనే రాయండి.

"ఆల్ ద శాంపిల్స్ డిడ్ నాట్ ఫెయిల్" అంటే ఏంటి?

అదే నా ప్రశ్న కూడా. "అన్ని శాంపిళ్ళూ ఫెయిల్ కాలేదు" అన్న తెలుగు వాక్యాన్ని నేరుగా దించితే వచ్చేది ఇది. కొన్ని ఫెయిలయ్యాయి అనైతే "నాట్ ఆల్ ద శాంపిల్స్ ఫెయిల్డ్". ఒక్కటీ ఫెయిల్ కాలేదనైతే "నన్ ఆఫ్ ద శాంపిల్స్ ఫెయిల్డ్". అన్నిటికన్నా మంచిది "త్రీ ఆఫ్ ద ట్వెల్వ్ శాంపిల్స్ ఫెయిల్డ్". లెక్క మీ దగ్గర ఉంది, ఇచ్చేయండి.

"దట్ ఆఫ్" ఎందుకు అన్నిచోట్లా చేరుస్తారు?

తెలుగులో "అనంతపురం వర్షపాతం విశాఖ కంటే తక్కువ" అంటే ఎవరికీ అనుమానం రాదు, వర్షపాతాన్ని వర్షపాతంతోనే పోలుస్తున్నామని తెలుసు. ఇంగ్లీషులో "ద రెయిన్‌ఫాల్ ఆఫ్ అనంతపూర్ ఈజ్ లోయర్ దేన్ విశాఖపట్నం" అంటే వర్షాన్ని ఊరితో పోల్చినట్టు. "లోయర్ దేన్ దట్ ఆఫ్ విశాఖపట్నం" కావాలి. లేదా వాక్యాన్నే తిప్పేస్తే "దట్ ఆఫ్" బరువు కూడా ఉండదు: "అనంతపూర్ రిసీవ్స్ లెస్ రెయిన్ దేన్ విశాఖపట్నం." ఊరిని ఊరితో పోల్చాం, సరిపోయింది.

నెగటివ్ చేరితే ఇది ఇంకా చిక్కు పడుతుంది: "ద స్ట్రెంత్ ఆఫ్ మిక్స్ ఎ వాజ్ నాట్ హయ్యర్ దేన్ మిక్స్ బి." ఇక్కడ రెండు పనులు చేయాలి, సమానమా తక్కువా తేల్చుకోవాలి, దేనితో దేన్ని పోలుస్తున్నారో సరిచేయాలి. "మిక్స్ ఎ వాజ్ వీకర్ దేన్ మిక్స్ బి" అంటే రెండు పనులూ అయిపోతాయి.

"లెస్ వెన్ కంపేర్డ్ టు" తప్పా? "లెసర్"?

మన థీసిస్‌లలో ప్రతి పేజీలో ఉండే మాట ఇది. "ఈల్డ్ వాజ్ లెస్ వెన్ కంపేర్డ్ టు కంట్రోల్." "దేన్" అనే చిన్న మాట ఉండగా మూడు మాటలు దండగ. "ఈల్డ్ వాజ్ లోయర్ దేన్ ఇన్ ద కంట్రోల్" చాలు. ఉష్ణోగ్రత, గాఢత, దిగుబడి, రేటు లాంటి కొలతలకి "లోయర్" బాగుంటుంది, "లెస్" ఒకటి రెండు అని లెక్కపెట్టలేని మోతాదులకి: లెస్ వాటర్, లెస్ టైమ్. లెక్కపెట్టేవాటికి "ఫ్యూవర్". "లెసర్ నంబర్ ఆఫ్ ప్లాంట్స్" వద్దు, "ఫ్యూవర్ ప్లాంట్స్" అనండి.

"త్రీ టైమ్స్ లెస్" అని రాశాను. గైడ్‌గారు వద్దన్నారు, ఎందుకు?

గైడ్‌గారి మాట నిజం. 90 మిల్లీగ్రాములకి "ఒక రెట్టు తక్కువ" అంటేనే సున్నా కదా, ఇక మూడు రెట్లు తక్కువంటే ఎక్కడికి పోవాలి? మీరు చెప్పాలనుకున్నది 30 మిల్లీగ్రాములు, అంటే మూడో వంతు. "వన్-థర్డ్ ఆఫ్ ద కంట్రోల్ వాల్యూ" అని రాయండి. "త్రీ టైమ్స్ మోర్" కూడా జారుడే, మూడు రెట్లా, నాలుగు రెట్లా అని అడిగేవాళ్ళుంటారు, "త్రీ టైమ్స్ యాజ్ హై యాజ్" అంటే గొడవ లేదు. శాతాలతో కూడా జాగ్రత్త: మోడల్ అక్యురసీ 90 శాతం నుంచి 85కి పడితే అది "5 పర్సెంటేజ్ పాయింట్స్" తగ్గడం, "5 పర్సెంట్" తగ్గడం కాదు.

"నాట్ అన్‌కామన్", "కెనాట్ బి అండరెస్టిమేటెడ్" లాంటివి రాస్తే చదువుకున్నట్టు ఉంటుంది కదా?

ఉంటుందనే చాలామంది రాస్తారు, అక్కడే జారిపడతారు కూడా. "నాట్ అన్‌కామన్" అంటే ఎంత? పదిలో రెండా, పదిలో ఆరా? మీకు తెలిస్తే చెప్పండి.

రెండు మూడు నెగటివ్‌లు ఒక పోలికలో చేరితే రాసేవాళ్ళకీ చదివేవాళ్ళకీ ఒకేసారి లెక్క తప్పుతుంది. 1979లో పీటర్ వేసన్, షూలీ రైక్ అనే మనస్తత్వ పరిశోధకులు ఒక వాక్యం మీద పరిశోధన చేశారు: "నో హెడ్ ఇంజురీ ఈజ్ టూ ట్రివియల్ టు బి ఇగ్నోర్డ్." చదవగానే ఏమనిపిస్తుంది? తలకి ఎంత చిన్న దెబ్బ తగిలినా పట్టించుకోవాలి అని. ఇప్పుడు నెమ్మదిగా విప్పండి. "నో మిసైల్ ఈజ్ టూ స్మాల్ టు బి బ్యాన్డ్" అంటే ఎంత చిన్న క్షిపణినైనా నిషేధించాల్సిందే. అదే అచ్చులో పోస్తే, ఎంత చిన్న తలదెబ్బనైనా పట్టించుకోకూడదు అని వస్తుంది! వైద్యంలో ఇలాంటి వాక్యం రాసి, అందరూ మంచి అర్థమే తీసుకుంటారులే అని వదిలేయడానికి నాకు మనసొప్పదు. "ఎవ్రీ హెడ్ ఇంజురీ, హౌఎవర్ మైనర్, షుడ్ బి ఎగ్జామిన్డ్." అంతే.

"ఇంపార్టెన్స్ ఆఫ్ సాయిల్ టెస్టింగ్ కెనాట్ బి అండరెస్టిమేటెడ్" కూడా అంతే, అక్షరాలా తీసుకుంటే ఎంత తక్కువ అంచనా వేసినా తక్కువే కాదు అని వస్తుంది. ఆ వాక్యం తీసేసి, భూసార పరీక్ష వల్ల ఎరువు ఖర్చు ఎంత తగ్గిందో ఒక అంకె రాయండి.

"బికాజ్" ఉన్న నెగటివ్ వాక్యాలు కూడా ఇందులోకి వస్తాయా?

పోలిక లేదు కానీ చిక్కు అదే. "ద శాంపిల్స్ వర్ నాట్ హీటెడ్ బికాజ్ దే వర్ వెట్." తడిగా ఉన్నాయని వేడి చేయలేదా, లేక వేడి చేశారు గానీ తడి వల్ల కాదా? "బికాజ్ ద శాంపిల్స్ వర్ వెట్, దే వర్ నాట్ హీటెడ్" అని కారణాన్ని ముందుకు తెస్తే సరి.

ఒక పొడుగు వాక్యం మొత్తంగా ఎలా మార్చాలో చూపిస్తారా?

చూపిస్తాను. వ్యవసాయ థీసిస్‌లో ఉండేలాంటిది ఒకటి, అంకెలు నేను ఉదాహరణకి పెట్టినవి, టీ3, టీ4, టీ5 అంటే ట్రీట్‌మెంట్ల నంబర్లు: "ఇట్ వాజ్ అబ్జర్వ్డ్ దట్ ద ఈల్డ్ ఆఫ్ టీ3 వాజ్ నాట్ యాజ్ హై వెన్ కంపేర్డ్ టు టీ5 లైక్ టీ4 బట్ ఇట్ వాజ్ నాట్ లోయర్ దేన్ కంట్రోల్ సిగ్నిఫికెంట్‌లీ."

ఇంగ్లీషుని కాసేపు పక్కన పెట్టి టేబుల్ తెరవండి. హెక్టారుకు టన్నుల్లో కంట్రోల్ 4.2, టీ3 4.5, టీ4 5.8, టీ5 6.0. సీడీ (క్రిటికల్ డిఫరెన్స్) 0.6. అంటే 0.6 కన్నా తక్కువ తేడాలని తేడాగా లెక్కపెట్టం. ఇప్పుడు ఇంట్లో చెప్పినట్టు చెప్పండి: అన్నిటికన్నా టీ5 బాగా పండింది, టీ4 కూడా దాని సరసనే ఉంది, టీ3 ఆ రెండిటికన్నా తగ్గింది, కంట్రోల్‌కి దానికీ పెద్ద తేడా లేదు. నాలుగు ముక్కలు, ఒక్కటే "లేదు".

దాన్ని ఇంగ్లీషులో పెడదాం. "టీ5 గేవ్ ద హయ్యెస్ట్ ఈల్డ్ (6.0), అండ్ టీ4 (5.8) వాజ్ ఆన్ పార్ విత్ ఇట్. టీ3 (4.5) ఈల్డెడ్ లెస్ దేన్ బోత్ అండ్ వాజ్ ఆన్ పార్ విత్ ద కంట్రోల్ (4.2)."

పాత వాక్యంతో పోల్చి చూడండి. "లైక్ టీ4" వల్ల టీ4 కూడా టీ5 కన్నా తక్కువేమో అనిపిస్తోంది, టేబుల్ అలా చెప్పలేదు. "నాట్ లోయర్ దేన్ కంట్రోల్" అనడం వల్ల టీ3 కంట్రోల్ కన్నా కాస్త కింద ఉందేమో అనిపిస్తోంది, నిజానికి అది 0.3 పైనే ఉంది. "ఇట్ వాజ్ అబ్జర్వ్డ్ దట్" ఏ పనీ చేయడం లేదు. "ఆన్ పార్" మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో అందరికీ అర్థమయ్యే మాట, థీసిస్‌లో ఉంచుకోండి, బయటి జర్నల్‌కి పంపేటప్పుడు మాత్రం "డిడ్ నాట్ డిఫర్ సిగ్నిఫికెంట్‌లీ ఫ్రమ్" అని మార్చండి. అవును, అక్కడ "నాట్" తిరిగి వస్తుంది, రానివ్వండి, ఆ "నాట్" దేని మీద ఉందో స్పష్టంగా ఉంది కాబట్టి నష్టం లేదు.

ఏ నెగటివ్‌లని అసలు ముట్టుకోకూడదు?

మీ రంగంలో పారిభాషిక పదాలుగా స్థిరపడినవి. క్లినికల్ ట్రయల్స్‌లో "నాన్-ఇన్‌ఫీరియర్" ఉంది, కొత్త మందు పాతదానికన్నా ముందుగా అనుకున్న హద్దు దాటి తీసికట్టుగా లేదు అని దానర్థం. దాన్ని "ఈక్వల్" అనో "యాజ్ గుడ్ యాజ్" అనో మారిస్తే అర్థమే పోతుంది. ఈ ట్రయల్స్‌ని ఎలా రిపోర్ట్ చేయాలో ప్రత్యేకంగా కన్సార్ట్ మార్గదర్శకాలే ఉన్నాయి, 2006లో వచ్చి 2012లో సవరించారు. సివిల్‌లో 53 గ్రేడ్ సిమెంట్ 28 రోజుల కంప్రెసివ్ స్ట్రెంత్ "నాట్ లెస్ దేన్ 53 మెగాపాస్కల్స్" అని ఉంటుంది, అది ప్రమాణం. చట్టాల్లో "షల్ నాట్ బి లెస్ దేన్" కూడా అలాంటిదే. లా స్కాలర్లు ఎవరైనా చదువుతుంటే, సెక్షన్‌లో మాటని ఎప్పుడూ సొంతంగా తిరగరాయకండి.

ఇతరుల పని గురించి "నాట్ యాజ్ కాంప్రిహెన్సివ్ యాజ్ అవర్స్" అనొచ్చా?

నాకైతే నచ్చదు. లిటరేచర్ రివ్యూలో ఇలాంటివి చాలా వస్తాయి, రాసినవాళ్ళకి ఎవర్నీ కించపరిచే ఉద్దేశం ఉండదు, కానీ ఆ పాత పేపర్ రాసినాయనే మీ రివ్యూయర్ కావచ్చు. పైగా ఆ వాక్యంలో సమాచారం లేదు. "ఎర్లియర్ స్టడీస్ కవర్డ్ టూ డిస్ట్రిక్ట్స్, ద ప్రెజెంట్ స్టడీ కవర్స్ సిక్స్" అంటే ఎవరికీ నొప్పి తగలదు, మీ పని ఎంత పెద్దదో కూడా కనిపిస్తుంది.

పారాఫ్రేజింగ్ టూల్‌లో వేస్తే అదే మార్చేస్తుంది కదా?

సిమిలారిటీ (వేరేవాళ్ళ రాతలతో కలిసిపోయే భాగం) తగ్గించుకోవడానికే చాలామంది వేస్తున్నారని తెలుసు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం దాకా సిమిలారిటీ ఉన్నా చర్య ఉండదు, ఆ 10 లోపలికి రావాలనే ఆరాటం నాకు అర్థమవుతుంది. కానీ నెగటివ్ పోలికల దగ్గర ఈ టూల్స్‌ని నమ్మకండి. "నాట్ మోర్ దేన్"ని "లెస్ దేన్" చేసేస్తాయి, సమానం అన్న అవకాశం ఎగిరిపోతుంది. "నో సిగ్నిఫికెంట్ డిఫరెన్స్"ని "నో ఇంపార్టెంట్ డిఫరెన్స్" చేసేస్తాయి, గణాంక పదం పోయి మామూలు మాట అవుతుంది. గియోమ్ కబనాక్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 2021లో ఇలా మెలితిరిగిన మాటల్ని పట్టుకుని ఎన్నో పేపర్ల మీద అనుమానాలు లేవనెత్తారు, "ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్" కాస్తా "కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్" అయిన పేపర్లు దొరికాయి. ఏ టూల్ వాడినా సరే, వచ్చిన వాక్యాన్ని టేబుల్ పక్కన పెట్టుకుని చూడండి. టేబుల్ చూడకుండా మీ పోలిక సరైందో కాదో ఏ టూలూ చెప్పలేదు.

గైడ్‌గారికి పాత వాక్యమే నచ్చితే?

"సార్, ఇది రెండు రకాలుగా చదవొచ్చేమో" అని ఆ రెండు అర్థాలూ కాగితం మీద రాసి చూపించండి. గ్రామర్ గురించి వాదిస్తే పెద్దవాళ్ళు ఒప్పుకోకపోవచ్చు, కానీ అర్థం తప్పుగా పోతుందని చూపిస్తే ఒప్పుకోని గైడ్‌ని నేనింతవరకూ చూడలేదు.

సబ్మిట్ చేయడానికి రెండు రోజులే ఉంది. అన్నీ ఎక్కడ వెతకను?

కంట్రోల్ ఎఫ్ నొక్కి "నాట్" వెతకండి. ప్రతి "నాట్" దగ్గర అదే వాక్యంలో "యాజ్", "లైక్", "దేన్", "ఆల్", "బికాజ్" వీటిలో ఏదైనా ఉందా చూడండి, లేకపోతే ముందుకు వెళ్ళిపోండి. తర్వాత "వెన్ కంపేర్డ్", "టైమ్స్ లెస్", "లెసర్", "అండరెస్టిమేట్" వెతకండి. టైమ్ మరీ తక్కువైతే అబ్‌స్ట్రాక్ట్, కంక్లూజన్, టేబుళ్ళ కింద రాసిన వివరణ, ఈ మూడే చూడండి, వైవాలో ఎక్స్‌టర్నల్ మొదట తిప్పే పేజీలు అవే. దొరికిన ప్రతి వాక్యాన్నీ సబ్జెక్టు తెలియని ఒక స్నేహితుడికి పైకి చదివి వినిపించి, "ఏది ఎక్కువ?" అని అడగండి. వెంటనే జవాబొస్తే వదిలేయండి. "మళ్ళీ చదువు" అన్నాడంటే ఆ వాక్యాన్ని మార్చండి.